రిజిస్టరులో లేని ఇంటిపేరు: తెరచాప ఓడల్లో మనవాళ్ళ ప్రయాణం

యలహంకకు సముద్రం లేదు. చెరువుంది, కెంపేగౌడ వంశీకులు నాడప్రభువులుగా ఏలిన పేరుంది, పక్కనే దొడ్డబళ్ళాపురం దాకా మగ్గాల చప్పుడుంది. ఏ దిక్కుకు నడిచినా ఉప్పునీళ్ళు కనబడాలంటే రోజులు పడుతుంది. మరి నేతవాళ్ళ సమాఖ్య వార్షికోత్సవ సంచికలో ఓడ ప్రయాణం గురించి రాయడమేమిటని పెద్దలు అడగొచ్చు. అడగాలి కూడా. దానికి జవాబే ఈ వ్యాసం.

మన ఇళ్ళలో ముసలివాళ్ళని "మనది అసలు ఏ ఊరు?" అని అడిగితే ధర్మవరమనో, హిందూపురమనో, కడప వైపనో చెబుతారు. ఎట్లా వచ్చామంటే, "కరువులో వచ్చినాం, మగ్గం బండికెత్తుకుని వచ్చినాం" అంటారు. ఇంకొంచెం గుచ్చి అడిగితే కొన్ని ఇళ్ళలో మరో మాట బయటికొస్తుంది. తాతల కాలంలో ఒకాయన మద్రాసు పోయినాడు, పెళ్ళాం బిడ్డలతో ఓడెక్కినాడు, మళ్ళీ కబురు లేదు. అంతే. ఆ మాట దగ్గర ఇంటి చరిత్ర తెగిపోతుంది. మనం బండి దారిన వచ్చినవాళ్ళ సంతానం. ఓడ దారిన పోయినవాళ్ళ సంతానం మారిషస్‌లో, దక్షిణాఫ్రికాలో, ఫిజీలో ఉంది. రెండు దారులూ మొదలైంది ఒక్క కష్టం దగ్గరే.

మగ్గం ఆగిన కాలం

గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి, యానాం, ఇంజరం దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్ళు. కోరంగి ఓడలు కట్టే రేవు. యానాం ఫ్రెంచివాళ్ళది. ఇంజరంలో ఈస్టిండియా కంపెనీ బట్టల కొనుగోలు కొఠీ ఉండేది. చుట్టుపక్కల నేతగాళ్ళు నేసిన సన్నటి గుడ్డ అక్కడ పోగై, ఓడలెక్కి లండన్ చేరేది. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం గుడ్డ ఎంత పేరు పొందిందంటే, ఆ ఊరి పేరు 'మడపోలం' అయి ఇంగ్లీషులో ఒక రకం బట్టకే పేరుగా స్థిరపడింది.

తర్వాత కథ మనకు తెలిసిందే. 1813 తర్వాత లాంకషైర్ మిల్లు గుడ్డ వచ్చి పడింది. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ వ్యాపారమే మూతబడింది. కొనేవాడు పోయాడు గానీ మగ్గం మీద మొతర్ఫా పన్ను మాత్రం వెంటనే పోలేదు, ఇంకా ఏళ్ళ తరబడి వసూలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1832-33లో, నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. జనం దాన్ని డొక్కల కరువన్నారు. తిండి లేకపోతే గుడ్డ ఎవడు కొంటాడు? రైతు ఒక పూట పస్తుంటే నేతవాడు రెండు పూటలు పస్తుంటాడనేది కరువు లెక్క.

1876-78 నాటి ధాత కరువులో ఇదే మళ్ళీ జరిగింది, ఇంకా పెద్ద ఎత్తున. మద్రాసు రాజధానితో పాటు మన మైసూరు రాజ్యం కూడా ఎండిపోయింది. మైసూరు రాజ్యంలో అయిదో వంతు జనం పోయారని అంచనా. అప్పటికి బెంగళూరు కంటోన్మెంట్ నుంచి జోలార్‌పేట మీదుగా మద్రాసుకు రైలు దారి వచ్చి పన్నెండేళ్ళు. 1864లో వేసిన ఆ దారి పుణ్యమా అని సముద్రం లేని ఊళ్ళకు కూడా మద్రాసు రేవు దగ్గరైంది.

రేవు దగ్గర

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చేసే చట్టం 1833లో వచ్చింది. చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చారు. 1834 నవంబరు 2న కలకత్తా నుంచి 'అట్లాస్' అనే ఓడ 36 మంది కూలీలను మారిషస్‌లోని పోర్ట్ లూయీలో దింపింది. అంతకంటే ముందే, 1820ల చివర్లోనే, యానాం నుంచి కొందరు తెలుగువాళ్ళను ఫ్రెంచివాళ్ళు పక్క దీవి రీయూనియన్‌కు తీసుకెళ్ళారు. కోరంగి నుంచి పోయినవాళ్ళు ఎంతమందంటే, మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాళ్ళందరికీ 'కోరంగీలు' అనే పేరు పడిపోయింది. ఓడెక్కిన రేవే జాతి పేరైందన్నమాట. 'కోరంగి ప్యాకెట్' అనే ఓడ పేరును మారిషస్ తెలుగువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ రేవుకు సముద్రం నుంచే గండం. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన కోరంగిని ముంచేసింది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన 1839 కోరంగి తుపానును ఓడల దినచర్య పుస్తకాల నుంచి కూడబెట్టి పరిశీలించాడు. 'సైక్లోన్' అనే మాటను 1848లో లోకానికి ఇచ్చింది కూడా ఆయనే. చుట్టచుట్టుకున్న పాము అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. ఇవాళ మన ఫోన్లలో తుపాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా కనిపించే ఆ మాట వెనకాల కోరంగి గాలివాన కూడా ఉంది.

1839లో ఈ వలసను సర్కారు ఆపేసింది. మోసాలు, బలవంతాలు బయటపడ్డాయి. 1842 చట్టంతో మారిషస్‌కు మళ్ళీ తెరిచారు గానీ కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవుల నుంచి మాత్రమే. అక్కడ నుంచి తెలుగు కుటుంబాలకు మద్రాసే గుమ్మం.

మద్రాసులో అప్పటికి ఓడ ఆగే రేవు కట్టలేదు. ఓడ దూరంగా లంగరు వేసి నిలబడేది. ఒడ్డు నుంచి మసూలా పడవల్లో తీసుకెళ్ళేవాళ్ళు. ఆ పడవకు మేకులుండవు, పలకలను కొబ్బరి నార తాళ్ళతో కుట్టేవాళ్ళు. మేకు కొడితే అలల దెబ్బకు పలక చీలిపోతుంది, కుట్టు అయితే వంగి సర్దుకుంటుంది. ఒడ్డున విరిగే అలల మీదుగా, చంకలో బిడ్డతో, తలమీద మూటతో ఆ పడవలో కూచోవడం మన ఆడవాళ్ళకు సముద్రంతో మొదటి పరిచయం. పెద్ద సముద్రం ఇంకా మొదలే కాలేదు.

పన్నెండు చదరపు అడుగుల ఇల్లు

1860 అక్టోబరు రెండో వారంలో 'ట్రూరో' అనే ఓడ 342 మందితో మద్రాసు నుంచి బయల్దేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అంటే అయిదు వారాలు. నేటాల్ సీమకు పోయిన మొదటి ఓడ అది. అందులో మగవాళ్ళతో పాటు ఆడవాళ్ళు, పిల్లలు కూడా ఉన్నారు. ఆ తర్వాత 1911 దాకా నేటాల్‌కు చేరినవాళ్ళు 1,52,184 మంది. మూడింట రెండు వంతుల మంది మద్రాసు నుంచే. ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం, గంజాం జిల్లాల పేర్లు ఆ జాబితాల్లో పదే పదే వస్తాయి.

ఓడల్లో మనిషికి ఎంత చోటివ్వాలో నిబంధనలు వచ్చాయి. పెద్దవాళ్ళకు తలా 12 చదరపు అడుగులు, 72 ఘనపుటడుగులు. అంటే ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. పదేళ్ళ లోపు పిల్లలు ఇద్దరైతే ఒక మనిషి కింద లెక్క. మొగుడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలున్న ఇంటికి 36 చదరపు అడుగులొస్తుంది. మన గుంట మగ్గం, దాని ముందు సాగదీసిన పడుగు కలిపి చూసుకోండి. మగ్గం పట్టే చోటులో సంసారం.

ఆ చోటు కూడా పై అంతస్తుకూ అడుగున సరుకు కొట్టుకూ మధ్య ఉండే చీకటి అంతస్తులో. పెళ్ళికాని మగవాళ్ళను ముందు భాగంలో, ఒంటరి ఆడవాళ్ళను వెనక, కుటుంబాలను నడుమన పెట్టేవాళ్ళు. సముద్రం తెలిసినవాళ్ళు చెబుతారు, ఓడ ఊగేటప్పుడు ముందూ వెనకా ఎక్కువ లేస్తాయి, నడుమ తక్కువ. తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ సంసారులకు దక్కిన ఒకే ఒక్క మేలు అది.

తిండి బియ్యం, పప్పు, ఎండు చేప, చింతపండు, ఉల్లిపాయ, కాస్త నెయ్యి లేదా నూనె. అందరికీ ఒక్కటే వంటసాల. సముద్రం దాటితే కులం పోతుందని ఊళ్ళో భయపెట్టేవాళ్ళు కదా, కులం సముద్రంలో పోలేదు, ఆ వంటసాల దగ్గర పోయింది. ఒక్క పాత్రలో వండింది తినకపోతే బతకడం లేదు. గాలివాన పట్టినప్పుడు పొయ్యి వెలిగించనివ్వరు. చెక్క ఓడలో నిప్పు జారితే అందరూ పోవలసిందే. అప్పుడు అటుకులు, బెల్లం, బిస్కెట్లు పంచేవాళ్ళు.

ఓడకొక డాక్టరు ఉండేవాడు. ప్రాణాలతో దిగిన తలకు ఇంత అని అతనికి డబ్బు కట్టేవాళ్ళు. వినడానికి బాగానే ఉంది గానీ లెక్క చూడండి. 1856-57లో కలకత్తా నుంచి వెస్టిండీస్‌కు పోయిన ఓడల్లో నూటికి సగటున 17 మంది దారిలోనే చనిపోయారు. మద్రాసు నుంచి మారిషస్, నేటాల్ దారి పొట్టిది కాబట్టి కొంత నయం. కానీ తట్టు, కలరా, విరేచనాలు ఓడెక్కితే ముందు పోయేది పసిపిల్లలే. సముద్రంలో మట్టి ఉండదు. గుడ్డలో చుట్టి నీళ్ళలోకి వదలాలి. గుడ్డ నేసిన ఇంట పుట్టిన తల్లికి ఆ గుడ్డ చుట్టడం ఎట్లా ఉండేదో మేము రాయలేం.

గాలి ఉంటే ఒక బాధ, లేకపోతే ఒక బాధ

తెరచాప ఓడకు గాలే ఎద్దు. తెరచాప అంటే ఏమిటి? నేసిన గుడ్డే. దట్టమైన నూలుతోనో జనపనారతోనో నేసిన గుడ్డ పిగలకుండా ఉంటేనే ఓడ కదులుతుంది. భూమధ్యరేఖ దగ్గర గాలి పడిపోతే రోజుల తరబడి కదలిక ఉండదు, నీళ్ళు కొలిచి పోస్తారు. నైరుతి గాలి ఎదురైతే ప్రయాణం వారాలకు వారాలు సాగుతుంది. బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. అది తప్పించుకుని దక్షిణానికి దిగితే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మారిషస్ వైపు తుపాన్ల కాలం. ఒకటి దాటితే ఇంకొకటి.

గాలివాన ముదిరితే కింది అంతస్తు మూతలు బిగించేస్తారు. లేకపోతే పైకెక్కిన అల లోపలికి దూకుతుంది. మూతలు బిగిస్తే గాలి లేదు, వెలుగు లేదు. మూటలు, చెంబులు, మనుషులు ఆ పక్కకీ ఈ పక్కకీ దొర్లడమే. వాంతులు, ఏడుపులు, ఇష్టదైవాల పేర్లు. ఎంతసేపో తెలియదు, పగలో రాత్రో తెలియదు. ఆ చీకట్లో కుటుంబం అనేదానికి అర్థం చేతికి తగిలే చెయ్యి. ఒంటరిగా వచ్చినవాడికి అదీ లేదు.

ఒడ్డు కనబడ్డాక కూడా గండం తీరేది కాదు. 1856 జనవరిలో కలకత్తా నుంచి మారిషస్ చేరిన రెండు ఓడల్లో కలరా ఉందని, ఆ కూలీలను గాబ్రియల్ దీవిలో దింపి వదిలేశారు. సరైన నీడ లేదు, నీళ్ళు చాలవు. ఎదురుగా పెద్ద దీవి కనబడుతుండగానే 200 మందికి పైగా చనిపోయారు. 1884 మే 11న 'సిరియా' అనే తెరచాప ఓడ ఫిజీ చేరబోతూ నసిలాయ్ పగడపు దిబ్బ మీదికెక్కి పగిలిపోయింది. 59 మంది పోయారు. ఆ రెండు సందర్భాల్లోనూ ఓడలు కలకత్తావి. మనుషులు మాత్రం అవే మూటలు, అవే ఆశలు ఉన్నవాళ్ళు.

మనకు ఈ ప్రయాణం ఎంత కష్టమో ఇప్పటి సంగతితో చెప్పాలంటే ఒక ఉదాహరణ ఉంది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు 'తారిణి' అనే తెరచాప నావలో భూగోళాన్ని చుట్టడానికి బయల్దేరారు. వాళ్ళలో బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాదు, పి. స్వాతిది విశాఖపట్నం. 2018 మే 21న తిరిగొచ్చారు. ఆ నావలో ఉపగ్రహ ఫోను, వాతావరణ సమాచారం, మూడేళ్ళ శిక్షణ, అన్నీ ఉన్నాయి. అయినా చివరి మజిలీలో చుక్కాని యంత్రం చెడి, 2018 ఏప్రిల్‌లో పోర్ట్ లూయీలో ఆగి బాగు చేయించుకోవలసి వచ్చింది. శిక్షణ పొందినవాళ్ళనే ఆ సముద్రం అట్లా నిలబెడితే, జీవితంలో చెరువు తప్ప నీళ్ళు చూడని కుటుంబాలను ఏం చేసి ఉంటుందో ఊహించుకోవచ్చు. వాళ్ళు ఆగింది కోరంగీలు దిగిన ఆ రేవులోనే.

నంబరు వచ్చింది, ఇంటిపేరు పోయింది

దిగిన తర్వాత అయిదేళ్ళ ఒప్పందం. మారిషస్‌లో నెలకు అయిదు రూపాయలు, నేటాల్‌లో మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు. పోర్ట్ లూయీలో కూలీలు ఎక్కిన రాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ చోటును ఆప్రవాసీ ఘాట్ అంటారు, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైంది. ఆ దీవికి ఒప్పందం మీద వచ్చినవాళ్ళు మొత్తం సుమారు అయిదు లక్షలు.

దీంట్లో మన నేతవాళ్ళు ఎంతమంది? ఇక్కడే చిక్కు. ఏజెంట్లకు కావలసింది కొడవలి, పలుగు పట్టే చేతులు. నాడె విసిరే చేతులు వాళ్ళకు అక్కర్లేదు. అందుకని పని దాచి, పొలం పనివాళ్ళమని చెప్పుకుని ఓడెక్కినవాళ్ళు ఉన్నారు. అయినా నేత కులాల పేర్లు ఆ రిజిస్టర్లలో కనబడతాయి. ఇంకోవైపు, కొన్నిచోట్ల తెలుగువాళ్ళనందరినీ కలిపి 'జెంటూ' అని ఒక్క ముక్కలో రాసి పారేశారు. తెల్లవాళ్ళు అప్పట్లో తెలుగువాళ్ళకు వాడిన మాట అది. ఆ మాట కింద సాలెవాడెవడో రైతెవడో ఎవరికి తెలుసు?

రిజిస్టరులో గళ్ళు ఇవి: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడో మగో, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. మొగుడిది ఒక నంబరు, పెళ్ళానిది తర్వాతి నంబరు, బిడ్డలవి ఆ తర్వాతివి. వరుస నంబర్లను బట్టే ఇది ఒక కుటుంబమని ఇప్పుడు గుర్తుపడుతున్నారు. నుదుటి మీద మచ్చ ఎక్కడుందో కూడా రాసుకున్నారు. ఒక్క గడి మాత్రం లేదు. ఇంటిపేరు.

తెలుగువాడికి ఇంటిపేరు అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. సంబంధం కలుపుకోవాలన్నా, వద్దనుకోవాలన్నా ముందు అడిగేది ఇంటిపేరూ గోత్రమే. రాసుకున్న గుమాస్తాకు అది తెలియదు, అడగలేదు. అక్కడికి పోయాక తండ్రి పేరే బిడ్డలకు ఇంటిపేరైపోయింది. ఉదాహరణకు అప్పన్న కొడుకు రాముడైతే, ఆ తర్వాత ఏడు తరాలూ 'అప్పన్న' అనే ఇంటిపేరుతోనే సాగుతాయి. దక్షిణాఫ్రికాలో ఎవరైనా అప్పలస్వామి అనే పేరు చెబితే, సింహాచలం వైపు వాళ్ళయి ఉంటారని మనకు ఇట్టే తడుతుంది. అంతకు మించి ముందుకు పోవడానికి దారి లేదు.

అయినా వాళ్ళు తెలుగును వదల్లేదు. 1931లోనే దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మారిషస్‌లో ఉగాది సెలవు దినం. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో మారిషస్‌లోనే జరిగాయి. భాష మర్చిపోయిన ఇళ్ళలో కూడా రామభజన ఉంది, ఉగాది పచ్చడి ఉంది.

మనం చేయగలిగిన పని

ఇప్పుడు లెక్క సరిచూద్దాం. వాళ్ళ దగ్గర ఊరి పేరుంది, తండ్రి పేరుంది, ఏ సంవత్సరం ఏ ఓడో ఉంది. ఇంటిపేరు లేదు. మన దగ్గర ఇంటిపేరుంది, గోత్రముంది, ఏ ఊరి నుంచి వచ్చామో ఉంది. పోయినవాళ్ళ పేరు లేదు. ఒకే పడుగులోని తెగిన పోగుకు రెండు కొసలివి. మగ్గం మీద పోగు తెగితే ఏం చేస్తాం? మగ్గం ఆపి, రెండు కొసలూ వెతికి అతుకుతాం. తెగిన పోగును వదిలేసి నేస్తే గుడ్డలో సందు పడుతుంది.

వాళ్ళ కొస భద్రంగానే ఉంది. మారిషస్ వలస రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. 1860ల నుంచి తీసిన కూలీల ఫొటోలు కూడా అక్కడున్నాయి. నేటాల్ ఓడల జాబితాలు డర్బన్‌లో ఉన్నాయి, కంప్యూటర్లోకి ఎక్కించారు. మన కొసే ముసలివాళ్ళ నోళ్ళలో ఉంది. వాళ్ళతో పాటే పోతుంది. యలహంకలో ఉన్న ఇళ్ళలో డెబ్బై, ఎనభై దాటినవాళ్ళు ఇంకెన్నేళ్ళు ఉంటారు?

అందుకని ఈ సంచిక చదివే ప్రతి ఇంటివాళ్ళనీ మేము అడిగేది చిన్న పని. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూచోండి. ఇంటిపేరు, గోత్రం, ఇక్కడికి రాకముందు ఉన్న ఊరు, దాని తాలూకా రాసుకోండి. ఆ ఊరికి పాత పేరుంటే అదీ రాయండి, ఎందుకంటే రిజిస్టర్లలో పాత పేర్లే ఉంటాయి. తాత పేరు, ముత్తాత పేరు, వాళ్ళ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ పేర్లు అడగండి. "ఓడెక్కి పోయినాడు", "రంగూన్ పోయినాడు", "దీవికి పోయినాడు" అనే మాట ఎవరి గురించి విన్నా, పేరు తెలియకపోయినా సరే, రాయండి. ఆడవాళ్ళను తప్పకుండా అడగండి. పుట్టింటి సంగతులు వాళ్ళకు గుర్తున్నంతగా మగవాళ్ళకు ఉండవు.

ఆ కాగితం ఫొటో తీసి పిల్లల ఫోనులో ఒకటి, సమాఖ్య దగ్గర ఒకటి ఉంచుదాం. రేపు డర్బన్ నుంచో పోర్ట్ లూయీ నుంచో ఒక కుర్రాడు ఊరి పేరు, తండ్రి పేరు, ఓడ నంబరు పట్టుకుని "మాదే ఇంటిపేరు?" అని అడిగితే, "ఉండు నాయనా, చూసి చెప్తాం" అనడానికి మన దగ్గర ఒక పుస్తకం ఉండాలి.